నర్సరీలో ఇచ్చేసి వచ్చిన మల్లెచెట్టు

మొన్న ఆదివారం మా కోడలు బాల్కనీకి మొక్కలు కొందామని నన్ను నాంపల్లిలో ఒక నర్సరీకి తీసుకువెళ్లింది. ఇప్పటి నర్సరీలు మీరూ చూసే ఉంటారు, మొక్కల కంటే బొమ్మలే ఎక్కువ. సిమెంటు కొంగలు, కళ్లు మూసుకున్న బుద్ధుడి తలలు, కరెంటుతో నీళ్లు చిమ్మే గిన్నెలు, ఏ ఎండకూ వాడని ప్లాస్టిక్ గడ్డి. కోడలు వాటి బేరంలో పడిపోతే నేను ఊరికే ఒక మూలకు నడిచాను. అక్కడ వరసగా మల్లె కుండీలు, అప్పుడే నీళ్లు కొట్టినట్టున్నారు, తడిమట్టితో కలిసి మొగ్గల వాసన గుప్పుమనేసరికి ఆ కుండీల పక్కనే నేల మీద కూర్చుండిపోయాను. ఎండదెబ్బ అనుకుని కోడలు పాపం పరుగెత్తుకొచ్చి నీళ్లు తాగించింది. ఎండా కాదు, వయసూ కాదు. ఇన్నేళ్లుగా ఆ వాసన నన్ను ఇట్లాగే పట్టుకుంటుంది, ఎందుకో ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

నాకప్పుడు పన్నెండేళ్లు. నాంపల్లిలో ఒక గల్లీలో రెండు గదుల కిరాయి ఇల్లు మాది. గుమాస్తాగిరీ చేసుకునే నాన్నకు ఉన్న ఒకే ఒక షోకు మొక్కలు. నెలకో ఆదివారం నన్ను వెంటేసుకుని నర్సరీకి బయల్దేరేవారు, ఒక మొక్క కొనడానికి నలభై మొక్కలు తాకి చూసేవారు, మాలీతో వాటి కష్టసుఖాలన్నీ మాట్లాడేవారు, తిరుగుదారిలో నా నస భరించలేక మొజంజాహీ మార్కెట్లో ఐస్‌క్రీం కొనిపెట్టేవారు. అట్లా ఒకసారి అమ్మ కోసం మల్లె తెచ్చారు. అది ఏపుగా పెరిగింది; సాయంత్రాలు నాన్న మొగ్గలు కోసి ఒళ్లో పోస్తే అమ్మ మాల కట్టుకునేది. గల్లీలో ఆడవాళ్లు దీని మీద వేళాకోళాలు కూడా ఆడేవాళ్లు.

నాన్న ఒక్క వారం జ్వరంతో పోయారు. పన్నెండో రోజు, చాదర్‌ఘాట్ నుంచి వచ్చిన మా మేనత్త, అంటే నాన్నకు అక్క, వాకిట్లో మల్లెను చూసి, "ఇంకా గిదెందుకు ఇంట్ల? పూలు చూసినప్పుడల్లా మా మరదలి పానం ఉసూరుమంటది. ఎవరికన్న ఇచ్చెయ్యిన్రి" అంది. మాట కటువే గానీ, ఆ రోజుల్లో ఏ ఇంట్లోనైనా పెద్దవాళ్లు అనే మాటే అది, మీకు తెలియనిదేం కాదు. అనేసి ఆ మధ్యాహ్నమే వెళ్లిపోయింది. అమ్మ ఆ కుండీ వైపు చూడకుండా తిరగడం నేను గమనిస్తూనే ఉన్నాను. చెట్టు కనబడకపోతే ఆమె దుఃఖం తగ్గుతుందని నా మట్టిబుర్రకు తోచింది. అమ్మ కాస్త కునుకు తీయగానే, ఆపసోపాలు పడుతూ కుండీని నర్సరీకి మోసుకెళ్లి మాలీకి ఇచ్చేసి వచ్చాను.

సాయంత్రం అమ్మ చెంబుతో నీళ్లు తెచ్చి, ఖాళీ చోటు ముందు ఆగిపోయింది. "మీ అత్త తీస్కపోయిందా?" అని నన్నే అడిగింది. భయంతో ఔనని తల ఊపాను. అమ్మ అక్కడే కూలబడి, నాన్న పోయిన రోజున కూడా ఏడవనంతగా ఏడ్చింది. "పూలు నేను పెట్టుకుంటనా బిడ్డా? నీళ్లు వోస్తుంటే మీ నాయన పక్కన నిలబడ్డట్టుండె. గదొక్కటే మిగిలె నాకు."

మర్నాడు బడి ఎగ్గొట్టి నర్సరీకి పరుగెత్తాను. "పొద్దుగాలనే పోయింది బిడ్డా, అబిడ్స్ దిక్కు ఎవరో కొనుక్కపోయిన్రు" అన్నాడు మాలీ. ఆ వేసవి సెలవులంతా ఏదో ఒక సాకుతో అబిడ్స్ వెళ్లి, మేడల వంక తలెత్తి చూస్తూ తిరిగాను. ఫుట్‌పాత్ మీద పుస్తకాలు పరిచిన చోట జనం తోసుకుంటూ పోతుంటే, ఎక్కడో మల్లె వాసన తగిలి ఆగిపోయేదాన్ని. ఇవాళ్టికీ ఆ దారిన ఆటోలో వెళ్తే నా చూపు బాల్కనీల మీదికే పోతుంది.

నెల మాసికానికి అత్త వచ్చింది. అమ్మ ముఖం మీదే, "నా చెట్టు ఎత్తుకపోయిన మనిషివి, నా గడప తొక్కకు" అంది. అత్త నివ్వెరపోయి ఏదో అనబోయి, ఎందుకో నా వైపు చూసింది. నా మొహంలో అంతా కనబడి ఉంటుంది. అనబోయిన మాట మింగేసి, వచ్చిన దారినే వెళ్లిపోయింది. ఆ చూపు ఉంది చూశారూ, దాన్ని నేను ఇప్పటికీ మోస్తున్నాను.

నేను ఉద్యోగంలో చేరిన కొన్నేళ్లకు అత్త దవాఖానలో ఉందని తెలిసి, అమ్మకు చెప్పకుండా వెళ్లాను. చేతులు పట్టుకుని ఏడ్చి, ఇవాళే అమ్మకు నిజం చెప్పేస్తానన్నాను. "ఊకో. మీ అమ్మకు ఎవరో ఒకరి మీద కోపం ఉండాలె గదా. నీ మీద కన్నా నా మీదుంటేనే నయం, గామెకు నువ్వు తప్ప ఎవరున్నరు?" అంది. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ మాటకు నా గుండె తేలికపడింది. ఆమె పెద్దమనసును సాకుగా పట్టుకుని మళ్లీ నోరు మూసుకున్నాను.

కాలం మారింది. మా ఆయన పోయినప్పుడు ఏ మొక్కనూ ఎవరూ తీసెయ్యమనలేదు, పూలు మానవద్దని కోడలే పోట్లాడింది. ఈ మార్పుకు నాకెంత సంతోషమో చెప్పలేను. కానీ ఆనాడు దవాఖాన నుంచి అత్త పోయిన కబురు వచ్చినప్పుడు అమ్మ పొయ్యి దగ్గర నుంచి లేవలేదు, ఆడబిడ్డ ముఖం చివరిసారి చూడటానికైనా రానంది. నేను పక్కనే నిలబడి ఉన్నాను. ఒక్క మాట చెప్పి ఉంటే వెళ్లేది. చాదర్‌ఘాట్ దాకా నడిచైనా వెళ్లేది.