గొర్రెకు తోడు

మా ఆవిడ సుభద్ర తన బడిలో ఇప్పటికీ తలెత్తి నడవలేకపోతోందంటే, దానికి కారణం ఒక గొర్రె, కాస్త గరిక, మిగతాదంతా నేను. ముందే చెబుతున్నాను, ఇది చివరికి పరువు దక్కే కథ కాదు.

ఏలూరులో ఇల్లు కట్టుకున్న కొత్తలో చింతలపూడిలో ఉండే మా బావమరిది రాంబాబు దగ్గరికి వెళ్లాను. అక్కడి ఎర్రనేల మెట్ట మీద గొర్రెలు మేస్తున్నాయి. నీళ్లు పెట్టేవాడు లేడు, ఎరువు వేసేవాడు లేడు. అయినా గరిక తివాచీ పరిచినట్టుంది.

"దీన్ని ఎవరు కత్తిరిస్తారోయ్?"

"గొర్రెలే బావగారూ! అవి కొరికేకొద్దీ అది నేలకంటుకుని పాకుద్దండీ."

పైసాతో పనిలేని లాన్! నాలో శాస్త్రవేత్త లేచి కూర్చున్నాడు. గోతాం నిండా వేర్లతో సహా గరిక పీక్కొచ్చి ఇంటి ముందు నాటాను. అంతటితో ఆగానా? కొల్లేటి చేపల చెరువుల నుంచి నల్లమట్టి తోలించాను. ఆ మట్టి రుచి మరిగిన గరిక, అత్తారింట్లో కొత్తల్లుడిలా ఒళ్లు చేసింది. వానలు పడేసరికి మోకాలెత్తు!

"ఏవండీ, ఆదివారం మా హెడ్మిస్ట్రెస్ గారూ, టీచర్లూ టీకి వస్తున్నారు. అందులో పామున్నా కనబడదు. మనిషిని పిలిచి కోయించండి," అంది సుభద్ర.

"కోయించడమేంటి? మేపిస్తాను."

రాంబాబు ట్రక్కు ఆటోలో ఒక గొర్రెను పంపించాడు. ఆదివారం దాన్ని గరికలో వదిలితే, గడ్డి వంక కన్నెత్తి చూడలేదు. గేటుకేసి తిరిగి ఒకటే అరుపు.

"మంద గుర్తొచ్చిందేమోనండీ, పాపం," అని సుభద్ర వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఓదారుద్దామని దగ్గరికెళ్లాను. అరుపు ఆపింది. దూరం జరిగాను, మళ్లీ అరిచింది. భలేగా ఉందే! వంగి గడ్డి తడిమాను. అదీ వంగి రెండు పోచలు కొరికింది. ఇంక చెప్పాలా? మోకాళ్ల మీద కూలబడి చేతులు నేలకాన్చాను. నేను పాకినచోటల్లా అది మేసుకుంటూ వచ్చింది. తల కూడా వంచితే ఇంకా వేగంగా మేస్తుందా? వంచాను. మేసింది! దానికి పూర్తిగా నమ్మకం కుదరాలని ఒక పోచ నేనూ నోట పెట్టుకుని నమిలాను.

గేటు చప్పుడు నాకు వినబడలేదు. తలెత్తేసరికి ఎదురుగా వరసగా చెప్పులు. చెప్పుల పైన చీరలు. చీరల పైన తెరుచుకున్న నోళ్లు. నా నోట్లోంచి గరిక వేలాడుతోంది.

హెడ్మిస్ట్రెస్ గారు మర్యాదస్తురాలు. లోపల్నించి పరుగెత్తుకొచ్చిన సుభద్రతో మెత్తగా అన్నారు:

"కంగారుపడకండి సుభద్రగారూ, మేం కూర్చుంటాం. ముందు సార్ని భోంచెయ్యనివ్వండి."

ఇకపై ఎంత కుతూహలం పుట్టినా రెండు కాళ్ల మీద నిలబడే, నోరు మూసుకునే తీర్చుకుంటానని ఆ సాయంత్రమే సుభద్ర చేతిలో చెయ్యేసి ఒట్టేశాను. ఒట్టు పుచ్చుకునే ముందు ఆవిడ నా చేతులు సబ్బుతో కడిగించింది.