ఇంతకీ ఆ పాటలో ఏ లైను?

కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో మనిషికి తనకన్నీ తెలుసన్న భ్రమ ఒకటి ఉంటుంది. నాకది కాస్త ఎక్కువే ఉండేది. సూర్యాపేటలో పొద్దున్నే బస్సెక్కి, కోదాడలోని ఒక ప్రైవేటు బడికి సోషల్ చెప్పడానికి వెళ్లేదాన్ని. బతుకమ్మ బాగా ఆడతానని ఇంటర్వ్యూలో నోరు జారినందుకు వార్షికోత్సవం డాన్సులు కూడా నా నెత్తినే పడ్డాయి (జీతం మాత్రం సోషల్‌కే ఇచ్చేవారు). ఎనిమిదో తరగతి ఆడపిల్లలకు నేను ఎంచిన పాట, అప్పట్లో ప్రతి పెళ్లి ఊరేగింపులోనూ ప్రతి ఆటోలోనూ మోగుతున్న యూట్యూబ్ జానపదం. పిల్లలు చక్కగా ఆడారు, చప్పట్లు మోగాయి, నేను తెర పక్కన నిలబడి ఉబ్బిపోయాను.

ఆ తర్వాత రెండు రోజులకు, బస్సు చివ్వెంల దాటకముందే ఫోనుకు వీడియో వచ్చింది. ఆకుపచ్చ కండువా వేసుకున్న ఒకాయన, వెనక వరిపొలం, మొహం నిండా బాధ. ఆ డాన్సులో ఆడిన, అనంతగిరి దగ్గరి పల్లె నుంచి వచ్చే మా రెండు జడల పిల్ల తండ్రి. "బడి ఫంక్షన్‌ల పెట్టిన పాటలో ఒక లైనుంది. అది నా నోటితోని చెప్పలేను. నా బిడ్డతోని అందరి ముందల ఆడిపిచ్చిండ్రు. మీరే వినండి, మీకే తెలుస్తది" అన్నాడు. అంతే, మధ్యాహ్నానికల్లా ఆ వీడియో లేని ఫోను లేదు.

ఆయన ఆ లైనేదో చెప్పేసి ఉంటే అందరూ అయ్యో అనుకుని మర్చిపోయేవారు. చెప్పకపోవడంతో మూడు ఊళ్లకు పని దొరికింది. మిర్యాలగూడ నుంచి మా చిన్నమ్మ ఫోన్ చేసి, "బిడ్డా, గదే లైనే? మళ్లమళ్ల ఇన్న. నడుము మీద కుండ అన్నది సూడు, గదేనా?" అని గుసగుసగా అడిగింది. మా అమ్మకేమో జామపండు దగ్గర అనుమానం. లెక్కల సారు 'మబ్బుల లేచి' (అంటే తెల్లారకముందే లేచి) అన్నచోట ఏదో ఉందన్నాడు. ఏముంది సార్ అంటే చెవులు ఎర్రబడి, బెల్లు కొట్టకముందే క్లాసుకు వెళ్లిపోయాడు. ఎవరి మనసులో ఉన్నది వారికి ఆ పాటలో దొరికింది. నేనూ ఇయర్‌ఫోన్లు పెట్టుకుని సూర్యాపేట నుంచి కోదాడ దాకా అదే విన్నాను. మొదట్లో ఒక్క తప్పూ కనిపించలేదు. వారం గడిచేసరికి పాటంతా తప్పుగానే వినిపించసాగింది. చివరికి అందులో వచ్చే లేగదూడ మీద కూడా నాకు అనుమానం కలిగింది.

ప్రిన్సిపాల్ సారు పిలిచారు. "శనివారం లోపల బడి తరఫున క్షమాపణ చెప్పాలె మేడమ్. ఏ లైనో తెల్వకుండ ఏమని చెప్తం? కనుక్కోండ్రి. లేకపోతే సోమవారం నుంచి మీరు ఇంటికాడనే ఉండుండ్రి."

"ఆయన్నే అడుగుదాం సార్."

"అడిగితే మనకు తెల్వదని తెలుస్తది గద మేడమ్."

ఉద్యోగం పోతుందన్న భయం ఉండేది. నిజం చెప్పొద్దూ, ఆ భయం కన్నా ఆ లైనేమిటో తెలుసుకోవాలన్న ఆరాటమే ఎక్కువ. అందుకే శుక్రవారం బడి వదిలాక, సారుకు చెప్పకుండా, రెండు జడల పిల్లతో పాటే ఆటో ఎక్కాను.

"కూచోండి మేడమ్" అంటూ పిల్ల తండ్రి కండువాతో మంచం దులిపాడు. ఇంటావిడ చాయ్ తెచ్చింది. నేను గొంతు తగ్గించి కుండ, జామపండు, మబ్బు, అన్నీ వరసగా అడిగాను (దూడను కూడా వదల్లేదు). ఆయన నన్ను వింతగా చూశాడు. "అయ్యన్నీ మామూలేగా మేడమ్. మా ఆడోళ్లు నాట్లప్పుడు పాడే పాటల ముందర అయ్యెంత?" లోపల్నించి ఇంటావిడ కిసుక్కున నవ్వింది.

"మరి ఏ లైనండీ?"

"నాయినకేం తెల్వదు అని వస్తది చూడండి చివర్న. అది." పాటలో పిల్ల తన స్నేహితురాలితో అనే మాట. అందరం దాన్ని దాటేసి కుండలూ పండ్లూ వెతికాం. "ఆ లైను కాడికొచ్చి నా బిడ్డ నా దిక్కు వేలు చూపిచ్చింది మేడమ్. పక్కనోళ్లు నా మొకం చూసి నవ్విండ్రు. నేను మూడో తరగతి కాడ ఆపేసినోణ్ణి. నాకేం తెల్వదు, నిజమే. గాని అంతమందిల చెప్పాలా?"

ఆ లైనుకు నేను నేర్పింది చేతులు నడుము మీద పెట్టుకోమని మాత్రమే. తలుపు పక్క నుంచి పిల్ల అంది, "నేను లైనుకు చూపియ్యలే నాయినా. నువ్వు వస్తవనుకోలే. పొలం కాణ్ణుంచి అట్లనే వచ్చి నిలబడ్డవ్ గద. కనపడంగనే, మా నాయిన వచ్చిండని పక్కపిల్లకు చూపిచ్చిన."

ఆయన కండువాతో మొహం తుడుచుకున్నాడు. చెమటేమీ లేదు, అయినా చాలాసేపు తుడుచుకున్నాడు. తర్వాత మెల్లగా అడిగాడు. "అంత జనంల నన్నెట్ల గుర్తుపట్టినవ్ బిడ్డా?"

"కండువా" అంది పిల్ల.

ఆ సాయంత్రమే ఆయన ఇంకో వీడియో పెట్టాడు. పాటలో తప్పేమీ లేదు, నేనే పొరపడ్డానన్నాడు. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. మా చిన్నమ్మ మాత్రం చూసి ఫోన్ చేసింది. "ఏందే, ఒక్క లైను గూడ లేదా? ఉత్తగనే అన్నిసార్లు ఇంటిమి." నా ఉద్యోగం నిలబడింది. మరుసటి ఏడు నుంచి దేశభక్తి గీతాలే పెట్టాలని సారు తీర్మానించారు.

ఇప్పుడు నా కూతురు ఒకటో తరగతి. మొన్న వాళ్ల బడి వార్షికోత్సవానికి బీరువా అంతా వెతికి ఆకుపచ్చ చీర కట్టుకున్నాను. "గింత పచ్చగ ఏందే" అంది మా అమ్మ. వెళ్లి లైటు బాగా పడేచోట కూర్చున్నాను. ఏ పాట పెట్టారో, అందులో ఏ లైన్లున్నాయో ఒక్కటీ వినలేదు. దాని వేలు ఎప్పుడు లేస్తుందా అని చూస్తూనే ఉన్నాను. అది మాత్రం పాట అయిపోయేదాకా, తెర పక్కన నిలబడి ఉబ్బిపోతున్న వాళ్ల మేడమ్ వైపే చూస్తూ ఆడింది.