జీడిపప్పు డబ్బాకి రిమోటు

మా ఇంట్లో దేవుడి అర కిందే మావయ్య డబ్బా ఉంటుంది. జీడిపప్పు ఎగుమతికి వాడే రేకు డబ్బా. కాశీబుగ్గలో జీడిపప్పు ఫ్యాక్టరీలో లెక్కలు రాసే రోజుల్లో మా మావయ్య అలాంటిది ఒకటి తెచ్చుకుని, పక్కలు కత్తిరించి, లోపల తన చేత్తో ప్రీయాంప్లిఫైయర్ కట్టుకున్నారు. ఫోన్లోంచో టేపులోంచో వచ్చే పీల శబ్దాన్ని చక్కబెట్టి పెద్ద యాంప్లిఫైయర్‌కి అందించే పెట్టె అది. పాట పెంచినా తగ్గించినా దాని మీదే. ఆ వాల్యూమ్ బిళ్ళ కూడా కొన్నది కాదు. కొబ్బరి చిప్ప ముక్కని అరగదీసి, నూనె రాసి నున్నగా చేసింది.

నేను బడికి వెళ్ళినదాన్ని కాదు. కవిటిలో మా అమ్మ కొబ్బరి తోటలో చాప పరిచి కూర్చోబెట్టి, భజన పుస్తకాల్లోంచి అక్షరాలు నేర్పింది. ఆ తరవాత చదువంతా అత్తారింట్లో, మావయ్య దగ్గర. పెళ్ళయి వచ్చిన కొత్తలో వాకిట్లో నా ముగ్గు చూసి, "ఈ గుంట సెయ్యి వణకదు. సోల్డరింగుకి పనికొత్తాది," అన్నారు. కొత్త కోడలికి ఇలాంటి మెచ్చుకోలు మా వీధిలో ఇంకెవరికీ దక్కి ఉండదు. ముగ్గు పిండి అంటిన వేళ్ళతోనే సీసం కరిగించడం నేర్చుకున్నాను. దేవుడు నాకు బడి ఇవ్వలేదు గానీ, ఇద్దరు గురువుల్ని ఇంట్లోనే ఇచ్చాడు. దీపం పెట్టినప్పుడల్లా ఆ మాట ఆయనకి చెప్పుకుంటాను.

మా ఉద్దానంలో ఎన్నో ఇళ్ళకి వచ్చినట్టే కిడ్నీ జబ్బు మా ఇంటికీ వచ్చింది. మావయ్యకి రోజు విడిచి రోజు డయాలసిస్. వెళ్ళొచ్చిన రోజు హాల్లో మంచం మీద ఒరిగిపోతారు. లేవడానికి ఓపిక ఉండదు. పాటలు మాత్రం కావాలి. చిక్కేమిటంటే ఒక పాట గుసగుసలాడుతుంది, దాని వెనకాల వచ్చేది గావుకేకలు పెడుతుంది.

"అమ్మీ, సిటికెడు తగ్గించు."

వంటింట్లోంచి వచ్చి తగ్గించేదాన్ని.

"పాట పీక నొక్కీసినావు కదే! కాసింత పెంచు."

నేను చేయి కడుక్కునేలోగా అత్త వెళ్తే ఇంకా తమాషా. బిళ్ళని బావి గిలకలా గిర్రున తిప్పేది.

"సిటికెడన్నాను, సేరు కాదు!"

"ఉప్పు సిటికెడంటే తెలుసు నాకు. పాట సిటికెడంటే ఏటండీ? కొలత గిన్నె ఇయ్యండి, కొలిసి పోత్తాను."

ఇలా కొన్నాళ్ళు నవ్వులాటగానే సాగింది. తరవాత మావయ్య పిలవడం తగ్గించారు. గట్టిగా మోగుతున్నా ఓర్చుకునేవారు, వినపడకపోయినా ఊరుకునేవారు. ఒకరోజు, "ఒగ్గీండి. పాటలొద్దు. మీకెందుకు తిప్పలు," అని గోడవైపు తిరిగి పడుకున్నారు. డబ్బా మీద అత్త ఒక తువ్వాలు కప్పింది. మందులు వేళకి ఇవ్వగలం, డయాలసిస్‌కి పలాస తీసుకెళ్ళి తీసుకురాగలం. తన కోసం ఎవరూ లేవకూడదని ఆయన నోరు కట్టేసుకుంటే ఏం చేస్తాం?

మా ఆయన, రిమోటుతో వచ్చే కొత్త స్పీకరు కొందాం అన్నారు. మావయ్య ఇటు తిరగకుండానే, "కొను. ఆ డబ్బాని పాత ఇనప సామాన్లోడికి ఏసీ. నన్ను కూడా ఏసీ, బరువు కలుత్తాది," అన్నారు. ఆ ముచ్చట అక్కడితో ముగిసింది.

అప్పుడే అనుకున్నాను, కొత్తది కాదు, ఈ డబ్బాకే రిమోటు కట్టాలి. డబ్బా మూత విప్పడానికి మంచం దగ్గరికెళ్ళి అనుమతి అడిగాను. గోడవైపు చూస్తూనే, "నా పాట నడిసే దారిలో ఒక్క చిప్పు కూడా అడ్డం పెట్టకు. బిళ్ళ తిరగాల, అంతే. ఎవరు తిప్పితే నాకేటి," అన్నారు.

అంటే తీగల జోలికి పోకుండా ఆ కొబ్బరి బిళ్ళని బయటినుంచి తిప్పే చేయి ఒకటి కావాలి. కాశీబుగ్గలో ఒక రిపేరు కొట్లో ఫ్యాన్లకీ లైట్లకీ పెట్టుకునే రిమోటు కిట్టు దొరికింది. రిమోటు వెలుగుని పట్టుకునే నల్లటి బుడిపె ఒకటి ఉంటుంది, దాన్నే కన్ను అంటాం. సోల్డరింగులో మాడిపోతే పనికొస్తుందని ఇంకో కన్ను కూడా తెచ్చుకున్నాను. పాడైన సీడీ ప్లేయరులో పళ్ళెం బయటికి తోసే చిన్న మోటారు పీకాను. పాత టేపురికార్డరు రబ్బరు బెల్టు ఇంట్లోనే ఉంది. ఒక మీట నొక్కితే మోటారు కుడికి, ఇంకోటి నొక్కితే ఎడమకి తిరిగేలా తీగలు కట్టి, డబ్బా ముందు రేకుకి బెజ్జం పెట్టి కన్ను బిగించి, బెల్టుని సరాసరి బిళ్ళకే తగిలించి, దేవుడికి దణ్ణం పెట్టి, పెంచే మీట నొక్కాను.

నేను మీట మీంచి వేలు తీసేలోగా బిళ్ళ ఈ చివరనుంచి ఆ చివరకి పోయింది. డబ్బాలోంచి సన్నాయి లేచింది. కిటికీ అద్దాలు గజగజలాడాయి. అత్త చేతిలో చేట చేతిలోనే ఉంది, బియ్యం మాత్రం లేవు. ఎదురింటామె గుమ్మంలోకొచ్చి, "ఏటప్పా, పెళ్ళేటి? మమ్మల్ని పిలవనేదు!" అంది.

మంచం మీంచి మాట వినపడింది. "మోటారు జోరు తగ్గించాల. బిళ్ళకి పెద్ద చక్రం తగిలించు."

మావయ్య ఇటు తిరిగి పడుకుని ఉన్నారు. ఆ ఒక్క మాటకే ఆ పూట పప్పులో ఉప్పు రెండుసార్లు వేశాను. పచ్చడి సీసా మూత ఒకటి బిళ్ళ వెనక అతికించి, దాని చుట్టూ బెల్టు వేస్తే మోటారు తల వంచింది. బిళ్ళ పెళ్ళికూతురి నడకలా మెల్లగా కదిలింది. చివరికొస్తే బెల్టు జారుతుంది, ఏదీ విరగదు. మావయ్య చేతికి రిమోటు ఇవ్వబోయాను. తీసుకోలేదు. "రేపు పలాసనుంచి వచ్చాక సూద్దాం. లేవలేనప్పుడు పనిసెయ్యాల కదా, ఇప్పుడేటి గొప్ప."

మర్నాడు శుక్రవారం. మధ్యాహ్నం ఆటో దిగి, గోడ పట్టుకుని వచ్చి మంచం మీద వాలారు. కాసేపటికి చెయ్యి చాచారు. రిమోటు పెట్టాను. పాట సన్నగా మొదలైంది. పెంచే మీట నొక్కారు. బిళ్ళ కదల్లేదు. మళ్ళీ నొక్కారు. చెయ్యి దుప్పటి మీదకి దిగిపోయింది.

"ఒగ్గీ అమ్మీ. నీకు వచ్చినంతా సేసినావు."

రిమోటుని ఫోను కెమెరాకి ఎదురుగా పెట్టి నొక్కి చూశాను. తెరమీద ఊదారంగు వెలుగు మెరిసింది, అంటే రిమోటు బాగానే ఉంది. డబ్బా దగ్గరికెళ్ళి వంగి చూద్దును కదా, నా నల్లటి కన్ను లేదు. దాని నిండా తడి పసుపు దట్టంగా మెత్తి ఉంది, ఆ మధ్యన కాసంత కుంకుమ.

"అత్తా! ఇదేటి?"

"కొత్త వస్తువు. శుక్రవారం. బొట్టెట్టకుండా ఎలగొగ్గీమంటావు?"

"కంటికి పెట్టినావు!"

"కన్నని నాకేటి తెలుసు? నల్లగా నిగనిగలాడతంటే నుదురనుకున్నాను."

మంచం మీద ఏదో చప్పుడైంది. మావయ్య నవ్వుతున్నారు. దగ్గు కలిసిన నవ్వు, ఆగడం లేదు. నేను కొంగుతో కన్ను తుడవబోయాను. అత్త నా చెయ్యి పట్టేసుకుంది. ఆ పట్టులో నవ్వు లేదు.

"శుక్రవారం పూట బొట్టు సెరిపెత్తావేటే? ఆయన మంచం మీదుండగా?"

ఆ కళ్ళలోకి చూశాక తుడవడం నా వల్ల కాలేదు. నేనూ దీపం పెట్టేదాన్నే, ఆ భయం నాకు తెలుసు. అలాగని చూస్తూ ఊరుకుంటే మావయ్య మళ్ళీ గోడవైపు తిరిగిపోతారు. రెండింటి మధ్యా నిలబడి ఏం చెయ్యాలో తోచక మనసులో దేవుణ్ణి పిలుస్తున్నాను.

మావయ్యే పలికారు. "ఇంకో కన్నుంది కదేటి నీ దగ్గిర? బొట్టు బొట్టుగా ఉండనీ. అటుపక్క బెజ్జమెట్టి రెండోది పెట్టు. డబ్బా ఇలాగట్టుకొచ్చీ."

తీగలన్నీ ఊడదీసి డబ్బాని మంచం మీద పెట్టాం. అత్త మావయ్య వీపు వెనక తలగడలు పేర్చింది. డయాలసిస్ సూదులు గుచ్చే చెయ్యి కదపకుండా ఒళ్ళో పెట్టుకుని, రెండో చేత్తో డబ్బాని ఒడిసిపట్టారు. నేను మేకుతో బెజ్జం కొట్టాను. పాత కంటి తీగలు విప్పి కొత్తదానికి అతుకుతుంటే, "సీసం ఎక్కువెయ్యకు, ముగ్గులాగ సన్నంగా," అంటూ కసురుతున్నారు. అంత హాయిగా తిట్లు తిని ఎన్నాళ్ళయిందో.

డబ్బా తిరిగి దాని చోటికి వెళ్ళింది. ఒక కంటికి బొట్టు, ఒక కంటికి చూపు. మావయ్య మీట నొక్కారు. కొబ్బరి బిళ్ళ దానంతట అది మెల్లగా తిరిగింది. అత్త అప్రయత్నంగా రెండు చేతులూ జోడించి, నేను చూశానని గమనించి, చేతులు దులుపుకుంటున్నట్టు నటించింది.

ఆ పూటంతా హాల్లోంచి పిలుపు లేదు. పాట మాత్రం పెరుగుతోంది, తగ్గుతోంది. "ఏటండీ ఆ గోల, తగ్గించండి," అని అత్త వంటింట్లోంచి అరిస్తే ఇంకాస్త పెరుగుతోంది.

సాయంత్రం నేను దీపం పెట్టడానికి వచ్చాను. ఎప్పుడూ ఆ వేళకి నేనే వెళ్ళి పాట తగ్గించుకుని కూర్చునేదాన్ని. ఆ రోజు పీట వాల్చుకోగానే శబ్దం దానంతట అదే కిందికి దిగింది. నేను అడగలేదు. వెనక్కి చూస్తే మావయ్య కళ్ళు మూసుకుని పడుకున్నట్టే ఉన్నారు, రిమోటు గుండెల మీద ఉంది. ఆ ఇంట్లో ఇన్నాళ్ళూ ఆయనకి మేం చెయ్యడమే గానీ, ఆయన ఒకరికి చెయ్యడానికి ఏమీ మిగల్లేదని అప్పుడు తెలిసింది. దేవుణ్ణి అడగాల్సినవన్నీ మర్చిపోయి, కృతజ్ఞత ఒక్కటే చెప్పుకున్నాను.

హారతి కళ్ళకద్దుకునేదాకా ఆగారు. ఆగి, మళ్ళీ పెంచారు. తగ్గించినదానికన్నా కాస్త ఎక్కువే.