బెంచీ కింద నా మడమ

నా చిన్నప్పుడు మా బాబాయి ఇక్కడ డైరీ షాపు అని పిలిచే చిన్న వీధికొట్టు ముందు వ్యాను ఆపి, నన్నొక ప్రశ్న అడిగి, జవాబు కోసం చాలాసేపు చూశాడు. నేను "ఏం లేదు" అన్నాను. అది అబద్ధం. దాని ఫలితం నేను కాదు, మా చెల్లెలు అనుభవించింది. ఆ రోజు జరిగింది జరిగినట్టు ఇప్పుడైనా చెప్పాలని ఇది రాస్తున్నాను.

అప్పట్లో మేం వెల్లింగ్టన్ పక్కన జాన్సన్‌విల్‌లో ఉండేవాళ్లం. నాకు పదకొండేళ్లు, చెల్లికి తొమ్మిది. బాబాయి మాతోనే ఉంటూ సినిమా షూటింగులకి లైట్లు పెట్టే పనికి వెళ్లేవాడు. ఆయన చేసే వాటిలో మాకు అన్నిటికన్నా వింతగా తోచింది, మంట లేకుండా మంట వెలుగు పుట్టించడం. కెమెరాకి కనపడకుండా కింద మూడు దీపాలు పెట్టి, వాటి ముందు నారింజ రంగు కాగితం బిగించేవాడు. ఒక్కో దీపానికి ఒక్కో నాబ్. అటు తిప్పితే వెలుగు పెరుగుతుంది, ఇటు తిప్పితే తగ్గుతుంది. ఆ మూడు నాబ్‌లనీ తనే ఒక చెక్కపెట్టెకి బిగించుకున్నాడు.

ఒక చలికాలం ఆదివారం, ముందుగదిలో ఫైర్‌ప్లేస్ వెలిగించి, మా ఇద్దర్నీ మంటకి వీపు పెట్టి కూర్చోమన్నాడు. మంటని కాదు, ఎదుటి గోడని చూడమన్నాడు. గోడ మీద వెలుగు ఎలా వణుకుతోందో, ఎక్కడ ఆగుతోందో, ఉన్నట్టుండి ఎలా లేస్తోందో చూడమన్నాడు. ఒకసారి చేసిన పని మంట మళ్లీ అలాగే చెయ్యదని, అదొక్కటి గుర్తుపెట్టుకుంటే చాలని చెప్పాడు. కట్టెలు ఆరిపోయాక దీపాలు, పెట్టె తెచ్చి మా ముందు పెట్టాడు.

ముందు నేను తిప్పాను. పెద్దవాణ్ని కదా. గోడ మీద వెలుగు వచ్చింది, పోయింది, వచ్చింది, పోయింది. బాబాయి కాసేపు చూసి, "ఒరేయ్, ఇది మంట కాదురా, కారు ఇండికేటరు. కుడికి తిరుగుతున్నావా, ఎడమకా?" అన్నాడు. నాన్న పగలబడి నవ్వాడు.

తర్వాత చెల్లి తిప్పింది. వంటింట్లోంచి అమ్మ వచ్చి, గోడ మీది వెలుగు చూసి, మళ్లీ కట్టెలెందుకు వేశారని కోప్పడింది. ఫైర్‌ప్లేస్ వైపు తిరిగి అక్కడ బూడిద తప్ప ఏమీ లేదని చూసుకుని, నోటి మీద చెయ్యి వేసుకుంది. ఎలా చేశావని బాబాయి అడిగితే, "ఏదో చెప్పబోయి ఆగిపోయినట్టు తిప్పుతున్నా బాబాయ్" అంది చెల్లి. ఆ మాటని ఆయన వారం రోజులు కనిపించిన వాళ్లందరికీ చెప్పాడు. ఫోన్‌లో ఇండియాకి కూడా చెప్పాడు. నేను పక్క గదిలో హోంవర్క్ ముందేసుకుని ప్రతిసారీ విన్నాను. తనకేమీ తెలియదు, తెలియకుండానే వచ్చేసింది, అదే నాకు మింగుడుపడలేదు. కష్టపడి నేర్చుకుని ఉంటే అంత కుళ్లు పుట్టేది కాదేమో.

ఆ తర్వాతి శనివారం బాబాయి స్నేహితుడు ఒక చిన్న సినిమా తీస్తూ, ఒక పాత ఇంట్లో షూటింగ్ పెట్టాడు. ఒక కివీ ముసలావిడ మంట ముందు కూర్చుని స్వెటర్ అల్లుతూ, అల్లడం ఆపి, శూన్యంలోకి చూస్తుంది. అంతే సీను. మాటలు లేవు, శబ్దం తర్వాత కలుపుకుంటారు. ఆ ఇంటి చిమ్నీ పాడైపోయింది, నిజం మంట పెట్టే వీలు లేదు. పెట్టెకి అటువైపు నిలబడి రెండు నాబ్‌లు బాబాయి తీసుకుని, మూడోది ఇటు బెంచీ మీద కూర్చున్న చెల్లికిచ్చాడు. ఈ పని బాగా వస్తే సెలవుల్లో తనని పెద్ద షూటింగ్‌కి తీసుకెళ్తానని ముందే మాటిచ్చాడు. నన్ను ఊరికే చూడమని చెల్లి పక్కన అదే బెంచీ మీద కూర్చోబెట్టాడు.

మొదటిసారి చక్కగా వచ్చింది. ఇంకోసారి తీద్దామన్నారు. ఆ మధ్యలో ముసలావిడ చెల్లి గడ్డం పట్టుకుని, నీ వెలుగుకి నాకు నిజంగానే వెచ్చగా అనిపించిందమ్మా అని మెచ్చుకుంది. ఆ మాటతో నాలో ఏదో తెగింది.

ఇక్కడొక సంగతి చెప్పాలి. చెల్లి అప్పుడు కూచిపూడి నేర్చుకునేది. ఇంట్లో సాధన చేసేటప్పుడు చెక్క మీద కర్రతో తాళం వేసే పని నాది. నా దెబ్బ పడితే తన ఒళ్లు ఆలోచించకుండానే అందుకునేది. అది ప్రపంచంలో నా ఒక్కడికే తెలుసు.

కెమెరా తిరగడం మొదలవగానే నా మడమతో బెంచీ కాలిని మెల్లగా తట్టాను. తకధిమి, తకధిమి. ఎవరికీ వినపడదు, బెంచీ మీద కూర్చున్న వాళ్లకి మాత్రం ఒంట్లోకి తెలుస్తుంది. ముందు చెల్లి భుజం ఆ తాళాన్ని అందుకుంది, తర్వాత మణికట్టు. ముసలావిడ ముఖం మీద మంట నాలుగేసి దెబ్బల చొప్పున ఎగరసాగింది. బాబాయి స్నేహితుడు షాట్ ఆపి, మంట డిస్కోకి వెళ్లిందా అని నవ్వాడు. అందరూ నవ్వారు. చెల్లి తన చేతిని అటూ ఇటూ తిప్పి చూసుకుంది. మళ్లీ తీశారు. నేను మళ్లీ తట్టాను.

ఇక బాబాయి చెల్లిని కాసేపు బయట ఆడుకోమని పంపి, తనే వచ్చి బెంచీ మీద కూర్చుని పెట్టెని దగ్గరికి లాక్కున్నాడు. నా మడమ ఇంకా ఆగలేదు. ఎందుకు ఆపలేదో ఈనాటికీ తెలియదు. ఆయన నావైపు చూడలేదు. అరచెయ్యి తెచ్చి నా మోకాలి మీద పెట్టి, కాలు ఆగేదాకా అలాగే ఉంచి, తీసేశాడు. తర్వాత షాట్ పూర్తయింది.

ఇంటికొస్తూ డైరీ షాపు ముందు ఆగాం. చెల్లి ఐస్‌క్రీమ్ కొనడానికి లోపలికెళ్లింది. అప్పుడు అడిగాడు బాబాయి.

"ఏరా, దానికి నువ్వేమైనా చెప్పాలా?"

ఏం లేదన్నాను. ఆయన ఇంకా చూశాడు. చెల్లి మూడు కోన్‌లు పట్టుకుని జాగ్రత్తగా నడుస్తూ వచ్చింది. వాటిలో పెద్దది నాకిచ్చింది.

సెలవుల్లో బాబాయి మళ్లీ తననే పిలిచాడు. తను రానంది. తన చేతికి తాళం అలవాటైపోయిందని, మంటని పాడుచేస్తానని చెప్పింది. నాకు లోపల సంతోషం వేసింది. ఆ సంతోషం గురించి కూడా ఎవరికీ చెప్పలేదు. తన బదులు నన్ను పిలుస్తాడేమోనని చూశాను. పిలవలేదు. అలాగని నా సంగతి బయటపెట్టనూ లేదు, పోయేదాకా. ఆయన చెప్పేస్తే నాకు నాలుగు దెబ్బలు పడి అంతటితో అయిపోయేది. నేను చెప్పాల్సిన మాట నా దగ్గరే వదిలేశాడని చాలా ఆలస్యంగా అర్థమైంది. ఇప్పుడు క్రైస్ట్‌చర్చ్‌లో నేను పనిచేసే బిల్డింగ్ సైటులో ఎవరినైనా మెచ్చుకుంటుంటే నా మడమ లేవబోతుంది. మోకాలి మీద ఆ చెయ్యి బరువు తెలుస్తుంది. ఆపుకుంటాను.

పోయిన నెల రోటోటూనాలో చెల్లి ఇంటికి వెళ్లాను. మా మేనకోడలు స్కూలు కోసం వీడియో తీస్తోంది. హాల్లో దుప్పటితో టెంటు వేసి, దాని ముందు చలిమంట ఉన్నట్టు చూపించాలట. అరచేతిలో పట్టే లైటుకి వెలుగు పెంచి తగ్గించే చక్రం, పక్కనే మంట బటన్ ఉన్నాయి. బటన్ నొక్కితే మిణుకుమంటోంది గానీ కాసేపటికోసారి అదే వరుస తిరిగి వస్తోంది. ఇది ఫేక్‌గా ఉంది, చేత్తో తిప్పితే బాగుంటుందేమో, నువ్వు తిప్పు మమ్మీ అని తల్లి చేతిలో పెట్టబోయింది. చెల్లి చేతులు వెనక్కి లాక్కుంది.

"నాకివ్వకే బాబూ. నా చేతిలో తాళం పడిపోతుంది. చిన్నప్పట్నుంచీ అంతే. మీ మామయ్యనడుగు."

నవ్వుతూనే అంది. ఇన్నేళ్లుగా అలాగే అనుకుంటూ బతికింది.

నేను లైటు తీసుకుని చెల్లి చేతిలో పెట్టి, వేళ్లు మూశాను.

"నీ చేతిలో తాళం ఎప్పుడూ లేదే. ఆ రోజు బెంచీ కింద నా మడమతో నేను వేశాను. ఆవిడ నిన్ను మెచ్చుకుంటే ఓర్వలేక వేశాను. రెండోసారి కూడా కావాలనే వేశాను. బాబాయి చెప్పమని అడిగాడు, చెప్పలేదు. నీ చెయ్యి బాగానే ఉందమ్మా. నన్ను క్షమించు."