ప్రశ్న అడిగి ఆగే సారు

సారు పోయారని నాకు ఉద్యోగాల వాట్సాప్ గ్రూపులో తెలిసింది. దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీ నగర్ కోచింగ్ సెంటర్లలో పని వెతుక్కునే టీచర్లమంతా అందులో ఉంటాం. పైన 'ఫిజిక్స్ ఫ్యాకల్టీ కావలెను' అని ఒక ప్రకటన, కింద 'హోమ్ ట్యూషన్, లేడీ టీచర్ మాత్రమే' అని ఇంకొకటి, మధ్యలో ఆయన చావు. ఉద్యోగం కోసం డెమో క్లాసు చెప్పడానికి వెళ్తూ మెట్రో మెట్ల మీద కూలబడ్డారట. అందరం దండం బొమ్మలు పెట్టాం. కాసేపటికి ఎవరో, 'ఆ డెమో ఎక్కడ?' అని అడిగారు. తప్పు పట్టలేను, అందరి కడుపూ ఒకటే.

నేను ఆయన్ని మొదట చూసింది కూడా డెమో దగ్గరే. ఒకే ఉద్యోగానికి ఇద్దరం వచ్చాం. నా చేతులు వణుకుతుంటే, మా నాన్న వయసు మనిషి, జేబులోంచి గుడ్డ తీసిచ్చారు.

"ముందు బోర్డు తుడుచుకోమ్మా. ఆ పనిలో వణుకు పోతుంది" అన్నారు, కోస్తా యాసలో.

ఉద్యోగం ఆయనకే వచ్చింది. ఆ తర్వాత ఎక్కడ ఖాళీ ఉన్నా నాకు ఫోన్ చేసి చెప్పేవారు.

క్లాసులో ప్రశ్న అడిగితే సారు జవాబు కోసం నిజంగా ఆగేవారు. చాక్‌పీసు వేళ్ల మధ్య తిప్పుతూ వెనక బెంచీ వైపు చూసేవారు. "ఆగకపోతే అది ప్రశ్న కాదమ్మా, బెదిరింపు" అనేవారు.

ఒక వేసవిలో, ఆయన చేరిన ఆ సెంటర్ వాళ్లు ఆయన పాఠాలన్నీ వీడియో తీశారు. ఖాళీ గదికి పాఠం చెప్పలేనని సారు నన్ను పిలిచి వెనక బెంచీలో కూర్చోబెట్టారు. నా గొంతు మాత్రం వీడియోలో వినపడకూడదని, జవాబులు తలూపి చెప్పమన్నారు.

"సార్, మధ్యల గా గ్యాప్ ఎందుకు? జర జల్ది చెప్పుండ్రి" అన్నాడు మేనేజరు.

"పిల్లలు ఆలోచించొద్దా బాబూ?" అని సారు ఆగుతూనే చెప్పారు.

పాఠాలు పూర్తయ్యాక, "వీడియోలున్నయి గద సార్, మీరు ఇంట్ల రెస్ట్ తీసుకోండ్రి" అని సెంటర్ వాళ్లు ఆయన్ని పంపేశారు. "కూర్చున్న కొమ్మను నేనే నరుక్కున్నానమ్మా" అని సారు నవ్వారు. నాకు ఏడుపొచ్చింది.

ఆ తర్వాత అన్నీ డెమోలే. టీచరు రాని రోజున డెమో పేరుతో పిలిచి, ఉచితంగా క్లాసు చెప్పించుకుని, 'ఫోన్ చేస్తం' అని పంపే సెంటర్లు ఉన్నాయి. ఆయనకు తెలుసు. అయినా పాఠం మొత్తం చెప్పి, బోర్డు తుడిచి వచ్చేవారు. ఎందుకు సార్ అంటే, "పిల్లలకు అది డెమో అని తెలీదు కదమ్మా" అన్నారు.

ఆయన పోయాక, ఆ వీడియోలు తీసిన సెంటరే నన్ను పిలిచింది. డెమో కూడా అడగలేదు. "పాఠం వీడియోల ఉంటది మేడం. మీరు వెనక కూసొని, పిల్లలు లొల్లి చెయ్యకుంట చూస్తే చాలు" అన్నాడు మేనేజరు. ఇంటి కిరాయి కట్టాలి, ఒప్పుకున్నాను. ఎమ్మెస్సీ చదివి రిమోట్ నొక్కే పని. ఈ వృత్తి మీద నాకు మిగిలిన కాస్త ఆశ కూడా ఆ రోజే చచ్చిపోయింది.

నిన్న ఫిజిక్స్‌లో ఘర్షణ పాఠం వచ్చింది. పిల్లలు బెంచీల కింద ఫోన్లు చూసుకుంటున్నారు. తెర మీద సారు అడిగారు: "ఘర్షణ లేకపోతే మనిషి నడవగలడా? వెనక బెంచీ, నువ్వు చెప్పమ్మా."

చాక్‌పీసు తిప్పుతూ నా వైపే చూస్తూ ఆగారు. ఎవరూ తల ఎత్తలేదు. ఆ రోజులాగే నేను గొంతు విప్పకుండా అడ్డంగా తలూపాను.

"శభాష్" అని సారు జేబులోంచి గుడ్డ తీసి బోర్డు తుడవసాగారు.