పడవ అడుగున అసిరయ్య

అసిరయ్యది కళింగపట్నం దగ్గర ఓ చేపల వేటగాళ్ల పల్లె. తుఫానులో తండ్రి, అన్న సముద్రం మీదికెళ్లి తిరిగిరాలేదు. మిగిలిన ఒక్క కొడుకునీ తల్లి రైలెక్కించి, టాటానగర్‌లో ఉన్న మేనమామ దగ్గరికి పంపేసింది. ఆ ఊళ్లోని బర్మామైన్స్ పేటలో మామ ఇంట్లో ఉంటూ ఓ కాంట్రాక్టరు దగ్గర పంపుల పని నేర్చుకున్నాడు. మురుగు గుంటల్లోకి దిగి వాల్వులు మార్చడం, చెత్త పట్టేసిన జల్లెడలు విప్పి కడగడం. నూకమ్మను చేసుకున్నాక అక్కడే స్థిరపడ్డాడు. పెద్ద నీళ్లంటే మాత్రం భయం పోలేదు. అలాంటివాడు పందొమ్మిది వందల ఎనభైలో ఓ తెరచాప పడవ ఎక్కవలసి వచ్చింది.

పడవ అనంతకృష్ణగారనే ఇంజనీరుది. ఆయన భార్య జానకీదేవి కాకినాడ రేవు పక్కన పెరిగిన మనిషి. ఆమెకు మూత్రం జబ్బు, మాటిమాటికీ లేవాలి. అందుకని సినిమాలూ పేరంటాలూ అన్నీ మానేసి ఇల్లు పట్టుకుని ఉండిపోయింది. ఆమె కోసం ఆయన పెరట్లో సొంతంగా పడవ కట్టి, అందులో చిన్న గది, గదిలో మరుగుదొడ్డి పెట్టించారు. పడవ దింపింది డిమ్నా చెరువులో. ఆ నీళ్లు ఊరు తాగే నీళ్లు. మురుగు చుక్క కూడా అందులో పడకూడదు. అందుకే పడవ అడుగున స్టీలు ట్యాంకు అమర్చి, దాన్ని చూసుకోవడానికి అసిరయ్యను పెట్టుకున్నారు.

ప్రతి ఆదివారం పడవ గట్టుకు రాగానే అసిరయ్య గొట్టం తగిలించి, చేతిపంపు కొట్టి, ట్యాంకులో ఉన్నదంతా డ్రమ్ములోకి తోడేవాడు. దాన్ని దూరంగా గుంటలో పోసి, పంపు విప్పి, లోపలి రబ్బరు బిళ్లను వెనిగర్‌తో కడిగేవాడు. పడవ అడుగున ఊరే నీళ్లకు వేరే పంపు, దాన్నీ ఆడించేవాడు. పడవ కదులుతున్నంతసేపూ పైకి రాకుండా పంపుల దగ్గరే, పక్కచెక్క గట్టిగా పట్టుకుని కూర్చునేవాడు.

"నా మూలంగా నీకు ఈ పాడు పని, అసిరయ్యా," అందోసారి జానకీదేవి, మొహం పక్కకు తిప్పుకుని.

"పనిలో సిగ్గేటమ్మా? పైన గాలి మీరు సూసుకోండి. కింద సంగతి నాను సూసుకుంతాను."

ఆమె నవ్వింది. "ఎంతసేపని కింద కూర్చుంటావు? పైకి రా. ఈ నీళ్లు నిన్నేమీ చెయ్యవు."

భయపడుతూనే పైకి వచ్చాడు. చుక్కాని ఆమె చేతిలో ఉంది. జుట్టు చెదిరిపోయి, చీర కొంగు నడుముకు చుట్టుకుని, చిన్నపిల్లలా ఉంది. అనంతకృష్ణగారు చెరువు వంక కాక ఆమె వంకే చూస్తున్నారు. ఆ తర్వాత అసిరయ్య కింద కూర్చోవడం తగ్గించాడు.

మరుసటి ఏడు వానలు వెనకబట్టాక ఓ ఆదివారం పంపు బిగుసుకుపోయింది. విప్పి చూస్తే రబ్బరు బిళ్ల మీద నల్లటి గడ్డలు. నీళ్లు పోస్తే ఎర్రగా దిగాయి. అసిరయ్య చుట్టూ చూశాడు. అనంతకృష్ణగారు ఒడ్డున తెరచాప మడత పెడుతున్నారు. జానకీదేవి గదిలో సామాను సర్దుతోంది.

"అమ్మగారూ, తప్పనుకోకండి. పంపులో రగతం కనపడతంది."

ఆమె తలెత్తలేదు. "తెలుసు. చాన్నాళ్ల నుంచీ పడుతోంది."

"బాబుగారికి సెప్పాల కదమ్మా?"

"చెప్పకు. చెబితే మంచం మీద పడుకోబెడతారు. ఇంక ఇక్కడికి రానివ్వరు. ఈ ఒక్క ఆదివారం కోసమే బతుకుతున్నాను, అసిరయ్యా. నీకు దండం పెడతాను."

"అంత మాటనీకండమ్మా. సెప్పన్లెండి."

అన్నాడే గాని అన్నం సహించలేదు. పోనీ తనే చెప్పేస్తే? మర్నాడే ఆమె పడవ ఎక్కడం ఆగిపోతుంది. ఆ ముఖం ఎలా చూడటం? అప్పటి నుంచి మునుపటికన్నా శుభ్రంగా కడగడం మొదలుపెట్టాడు. అయ్యగారి కంట పడకూడదని, గొట్టంలో తెల్లటి నీళ్లు వచ్చేదాకా పంపు కొట్టేవాడు.

చలికాలంలో ఆమె ఇంట్లోనే కూలబడిపోయింది. ఆసుపత్రిలో చేర్పించేసరికి చేయిదాటిపోయిందన్నారు. సంక్రాంతి దాటకుండానే పోయింది.

కర్మలన్నీ అయ్యాక అనంతకృష్ణగారు బర్మామైన్స్ ఇరుకు సందులో అసిరయ్య ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. నూకమ్మ నులకమంచం వాల్చింది. ఆయన కూర్చోలేదు.

"రక్తం నెలల తరబడి పడి ఉంటుందన్నాడు డాక్టరు. నీకు తెలుసా?"

"తెలుసు బాబూ."

"మరి?"

"అమ్మగారు ఒద్దన్నారు."

ఆయన గుమ్మం పట్టుకున్నారు. "ఆవిడ వద్దంటుంది. నువ్వెలా ఊరుకున్నావు?" అన్నారు. గొంతులో కోపం లేదు. కోప్పడినా బాగుండేదని తర్వాత నూకమ్మతో అన్నాడు అసిరయ్య.

ఆయన మళ్లీ చెరువుకు రాలేదు. పడవ గట్టున కట్టేసి ఉండిపోయింది. ఎవరూ రమ్మనకపోయినా ప్రతి ఆదివారం అసిరయ్య వెళ్లి, అడుగున చేరిన వాననీళ్లు తోడి వచ్చేవాడు. రెండు వానాకాలాలు అలా గడిచాయి. మూడో వానాకాలంలో మలేరియాతో మంచం పట్టాడు. లేవగలిగాక నూకమ్మను తోడు తీసుకుని వెళ్లేసరికి పడవ మునిగి ఉంది. తెరచాప కొయ్య మాత్రం నీళ్ల పైకి వాలి కనిపించింది.

అసిరయ్య మొలలోతు నీళ్లలోకి దిగాడు. నీళ్లలో తడిమి పంపు పిడి పట్టుకుని కొట్టసాగాడు. తోడిన నీళ్లు తోడినట్టే మళ్లీ లోపలికి వచ్చేస్తున్నాయి. అయినా ఆపలేదు.

నూకమ్మ చీర తడుస్తున్నా దిగి, అతని చెయ్యి పట్టుకుంది. "ఇంక సాల్లెయ్యా. జొరం మనిసివి. వొచ్చీ."

"ఆయమ్మ ఒద్దన్నాదే, నూకమ్మా. నానేటి సెయ్యను?" అన్నాడు ఏడుస్తూ.

ఆమె అతన్ని గట్టు మీదికి నడిపించి, కొంగు పిండి అతని తల తుడిచింది.