అత్తమ్మ వేళ్లు, నేను రాసిన రూలు

చెప్పుకుంటే సిగ్గుచేటు. గచ్చిబౌలిలో నా ఉద్యోగం విదేశీ ఇన్సూరెన్సు కంపెనీలకు రూల్స్ రాయడం. ఆసుపత్రిలో ఎక్కించే ఖరీదైన మందుల మోతాదు మించినా, గడువుకు ముందే ఎక్కించినా బిల్లు దానంతటదే వెనక్కి వచ్చేట్టు కంప్యూటర్‌కు నేర్పుతాను.

ఎవరి రూలు మొదలైతే వాళ్లు ఇంటి నుంచి తినడానికి ఏదైనా తేవాలన్నది మా టీములో ఆనవాయితీ. కీళ్లవాతం మందు ఎనిమిది వారాలకు ఒకసారే అన్న నా రూలు మొదలైన రోజు, అత్తమ్మ చేసిన సర్వపిండి పట్టుకెళ్లాను. ఆ పిండిని గిన్నెకు వేళ్లతోనే అదమాలి. అత్తమ్మకున్నదీ కీళ్లవాతమే, ఆమెకు ఎక్కించేదీ ఆ మందే. ఆ వాచిన వేళ్లు రోజూ చూస్తూ కూడా నాకేమీ తట్టలేదు. ఆఫీసులో అందరూ లొట్టలేస్తుంటే మురిసిపోయాను. బుద్ధి గడ్డి తినడమంటే ఇదే.

పోయిన నెల, మందు ఎక్కించిన ఆరో వారానికే ఆమె వేళ్లు వంగడం మానేశాయి. నీళ్ల గ్లాసు రెండు అరచేతుల మధ్య పట్టుకుని తాగింది. డాక్టరు వెంటనే మందు ఎక్కించాలన్నారు. నా ఆఫీసు పాలసీలో ఆమె పేరుంది గానీ అనుమతి రాలేదు. ఎనిమిది వారాలు నిండలేదట! ఇక్కడా నాలాంటి వాళ్లెవరో ఆ రూలే రాసి పెట్టారు. డాక్టరుతో ఉత్తరం రాయించి మళ్లీ పంపమంటారా అని ఆసుపత్రి ఇన్సూరెన్సు కౌంటర్లో ఉన్నాయన అడిగాడు.

అత్తమ్మ గొప్పగా నన్ను ముందుకు తోసింది. "మా కోడలు ఆఫీసుల గీ పనే చేస్తది సారూ. ఆమెనే అడుగు."

అడిగాడు. రోజూ వల్లించే మాటే నా నోట్లోంచి ఊడిపడింది. "గడువు నిండకుండా పాస్ కాదండి."

అన్న మరుక్షణం తల కొట్టేసినట్టయింది. డాక్టరు ఉత్తరం వస్తే మళ్లీ చూస్తారు. ఆ వెసులుబాటు నా రూల్లోనూ ఉంది.

"కోడలు చెప్పిందంటే ఇగ గంతే," అంటూ అత్తమ్మ చేతులు కొంగులో చుట్టుకుని లేచింది. ఆమె తలుపు దాకా వెళ్లాక నేను కౌంటరు దగ్గరికి తిరిగొచ్చి, ఉత్తరం రాయించండి, పాస్ కావచ్చు అన్నాను, వీలైనంత మెల్లగా. అయినా అత్తమ్మకు వినపడింది.

"మరి కాదని ఎందుకన్నవ్ బిడ్డా?"

కోపంతో అడిగి ఉంటే ఏదో ఒకటి చెప్పి తప్పించుకునేదాన్ని. ఆమె నిజంగానే తెలుసుకుందామని అడిగింది.

అనుమతి వచ్చింది, మందు ఎక్కించారు, వేళ్లు వంగుతున్నాయి. నేను మాత్రం ఇంకా జవాబు చెప్పలేదు. నిన్న పొద్దున పొయ్యి దగ్గర నుంచి కేకేసి, ఆఫీసుకు సర్వపిండి చేసియ్యనా అని అడిగింది.